నాలుగు వేల పింఛను, పదకొండు వేల జీతం: ఇద్దరు పిల్లల తల్లి వేసుకోవలసిన లెక్క

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి మీ పరిస్థితి ఇదీ. పాలకొల్లు దగ్గర పల్లెటూరు. భర్త పోయి మూడేళ్లు. బాబు ఏడో తరగతి, పాప మూడో తరగతి, ఇద్దరూ ఊరి ప్రభుత్వ బడిలోనే. నెలకు నాలుగు వేల వితంతు పింఛను, ఏటా బడి పిల్లల తల్లులకు ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం సొమ్ము, డిపో బియ్యం, దీపం పథకం ఉచిత సిలిండర్లు వస్తున్నాయి. తీరిక దొరికితే లేసు అల్లుతారు, ఊడ్పుల రోజుల్లో కూలికి వెళతారు. ఇప్పుడు రెండు పనులు ఎదురొచ్చాయి. ఒకటి భీమవరం వైపు రొయ్యల కంపెనీలో, మేస్త్రి ద్వారా, నెలకు 11 వేలు. రెండోది పాలకొల్లులో చీరల దుకాణంలో 8,500. మీ అన్నయ్య "ఇంటికొచ్చే పింఛను చేజేతులా పోగొట్టుకుంటావా" అంటున్నారు. మీ తోడికోడలు "ఎన్నాళ్లు ప్రభుత్వం సొమ్ముతో నెట్టుకొస్తావు" అంటున్నారు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

నేను వెలుగు అనే ప్రభుత్వ పేదరిక నిర్మూలన ప్రాజెక్టులో కమ్యూనిటీ కోఆర్డినేటరుగా చేరి, ఆచంట, పోడూరు, యలమంచిలి, మొగల్తూరు మండలాల డ్వాక్రా సంఘాల మధ్యే ఉద్యోగమంతా గడిపి రిటైరయ్యాను. ఇదే ప్రశ్న ఒంటరి తల్లులు ఎందరో అడిగారు. మీకు నా సమాధానం ముందే చెబుతాను: దుకాణంలో చేరండి. రొయ్యల కంపెనీకి ఇప్పుడు వద్దు. జీతం తక్కువైన పనిని ఎంచుకోమంటున్నానేమిటని ఆశ్చర్యపోతారేమో. కాగితం, పెన్ను తీసుకుని నాతోపాటు లెక్క వేయండి.

మీకు వస్తున్నవాటిని ఒక్కొక్కటిగా రాద్దాం. పింఛను నెలకు 4,000 అంటే ఏడాదికి 48,000. తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు 15,000 అని చెప్పినా, బడి నిర్వహణకు 2,000 పోను మీ ఖాతాలో పడేది 13,000. ఇద్దరికి 26,000. బియ్యం మనిషికి ఐదు కిలోల చొప్పున నెలకు 15 కిలోలు. బయట కొంటే కిలో నలభై రూపాయలనుకున్నా ఏడాదికి 7,200. ఏడాదికి మూడు సిలిండర్లు సుమారు 2,600. అన్నీ కలిపితే 83,800. నెలకు చూస్తే ఏడు వేలకు కాస్త తక్కువ. ఇందులో పిల్లల మధ్యాహ్న భోజనం, బడి సంచి, బూట్లు, యూనిఫాం లెక్కలోకి తీసుకోలేదు. అవి ప్రభుత్వ బడిలో చదివే పిల్లలందరికీ వస్తాయి, మీరు పనికి వెళ్లినా వెళ్లకపోయినా పోవు.

ఇక అసలు విషయం. పింఛను, రైస్ కార్డు, తల్లికి వందనం మూడింటికీ ఆదాయ పరిమితి ఒక్కటే: కుటుంబం మొత్తానికి పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000. దీపం కూడా రైస్ కార్డుతో ముడిపడినదే. అంటే మీకు వచ్చే నాలుగు రకాల సాయమూ ఒకే గీత మీద నిలబడి ఉన్నాయి. మీరు పల్లెలో ఉంటున్నారు కాబట్టి మీ గీత పది వేలు. దుకాణం జీతం 8,500 గీతకు ఇటువైపు, లేసు డబ్బులు కొద్దిగా కలిసినా ఇటువైపే. కంపెనీ జీతం 11,000 అటువైపు.

ఇప్పుడు చేతికి వచ్చేది చూడండి. కంపెనీలో పీఎఫ్ (భవిష్య నిధి) 12 శాతం, ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) ముప్పావు శాతం పోను 11,000లో మీకు దక్కేది దాదాపు 9,600. నిబంధన ప్రకారం పథకాలన్నీ ఆగిపోతే మీ ఇంటికి ఆ 9,600 మాత్రమే. ఇప్పుడు ఇంట్లో ఉండగానే ఏడు వేల విలువైన సాయం అందుతోంది కాబట్టి, మీరు కొత్తగా సంపాదించినది నెలకు 2,600. నెలలో 26 రోజుల పనికి పంచితే రోజుకు వంద రూపాయలు. ఊడ్పులకు వెళితే వచ్చే కూలిలో చిన్న ముక్క అది. ఉపాధి హామీలో కూడా 2025-26కు మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలుగా నిర్ణయించారు.

దుకాణంలో 8,500కు పీఎఫ్, ఈఎస్‌ఐ పోతే చేతికి 7,400 వస్తుంది. పథకాలు ఏవీ కదలవు. 7,400కు ఏడు వేలు కలిపితే 14,400. జీతం రెండున్నర వేలు తక్కువైన పని మీ ఇంటికి దాదాపు ఐదు వేలు ఎక్కువ తెస్తోంది.

కాలువ దూకేవాడు సగం దూరం దూకితే నీళ్లలో పడతాడు. మీ విషయంలో ఆ కాలువ పది వేల జీతం దగ్గర మొదలై సుమారు పదిహేడు వేల దగ్గర ముగుస్తుంది. జీతం పది వేల ఐదు వందలైనా, పదమూడు వేలైనా దుకాణం జీతంతో ఉండేదానికంటే మీ ఇల్లు వెనకబడుతుంది. పదిహేడు వేలు దాటించే పని దొరికిననాడు సంకోచించకుండా పథకాలను వదిలేయండి. ఆ రోజు పింఛను కోసం జీతం తగ్గించుకోమని చెప్పేవాళ్లను నమ్మవద్దు. అలాంటి జీతం ఇప్పట్లో మీకు రాదని నేను అనడం లేదు. దుకాణంలో నాలుగేళ్లు చేసి బిల్లింగు, కంప్యూటర్‌లో స్టాకు లెక్కలు నేర్చుకున్న అమ్మాయిలు భీమవరం, తణుకు దుకాణాల్లో మంచి జీతాలకు వెళ్లడం చూశాను. కానీ ఆ దూరం ఒక్కసారిగా దాటాలి, మధ్యలో ఆగకూడదు.

"జీతం బయటకు చెప్పకుండా కంపెనీలో చేరితే ఎవరికి తెలుస్తుంది" అని మేస్త్రి అన్నాడని రాశారు. ఆ మాట ఒక పదేళ్ల కిందటైతే చెల్లిందేమో. ఇప్పుడు భూమి, కరెంటు మీటరు, కారు, ఆదాయపు పన్ను అన్నీ ఆధార్‌తో ముడివేసి చూస్తున్నారు. నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం ఇంకొకటుంది. ఆదాయం దాచిన తల్లి పీఎఫ్ అడగడానికి భయపడుతుంది, ఈఎస్‌ఐ కార్డు అడగడానికి భయపడుతుంది, మేస్త్రి కూలి కోస్తే నోరెత్తడానికి భయపడుతుంది. ఆ భయం మీద బతికే మేస్త్రులున్నారు. మీరు ఆ చోటికి వెళ్లవద్దు.

లెక్కలో కనబడని తేడా ఒకటుంది. పని పోవడం, పింఛను పోవడం ఒకేలా ఉండవు. ఉద్యోగం శనివారం పోయి సోమవారం ఇంకోచోట దొరకవచ్చు. పింఛను ఒకసారి జాబితాలోంచి పోతే, తిరిగి దరఖాస్తు పెట్టుకుని, పరిశీలన అయి, కొత్త పింఛన్లు మంజూరు చేసే సమయం వచ్చేదాకా ఎదురు చూడాలి. అందువల్ల కుదురులేని పని కోసం పింఛను వదులుకోవడం ఎప్పుడూ ప్రమాదమే. రొయ్యల పని ఎంత కుదురులేనిదో 2025లో మన జిల్లా అంతా చూసింది. ఆ ఏడాది ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికాయే. అక్కడ కొనుగోలు తగ్గితే చెరువు రైతుకు కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర) పడిపోతుంది, కంపెనీకి సరుకు తగ్గుతుంది, చివరకు పల్లెకు వచ్చే కంపెనీ బస్సు రాదు. బస్సు రాని రోజు జీతం లేదు. నెలకు 11 వేలు అని మేస్త్రి చెప్పేది బస్సు రోజూ వచ్చే నెలలో మాట.

ఆ పనిని నేను చిన్నచూపు చూడటం లేదు. మా సంఘాల్లో కొన్ని వందల ఇళ్లు ఆ జీతంతోనే నిలబడ్డాయి. ఇద్దరు సంపాదించే ఇంట్లో, పింఛను లేని ఇంట్లో, పిల్లలు పెద్దవాళ్లైన ఇంట్లో అది మంచి ఆధారం. కానీ అది ఎలాంటి పనో తెలిసి వెళ్లాలి. తడి నేల మీద రబ్బరు బూట్లతో రోజంతా నిలబడి, ఐసు కలిసిన రొయ్యలను తల తీసి, పొట్టు వలిచి, వెన్ను మీది నల్లనరం లాగాలి. చేతి తొడుగులు ఇస్తారు, వాటితో వేగం రాదని చాలామంది వేళ్ల దగ్గర కత్తిరించుకుంటారు. కొన్ని నెలలకు వేళ్ల కొసలు నానినట్టు తెల్లబడి, గీతలు అరిగిపోతాయి. ఒకటో తేదీ పొద్దున్నే పింఛను ఇవ్వడానికి వచ్చిన గ్రామ సచివాలయం అమ్మాయి మా సంఘం సభ్యురాలి బొటనవేలు యంత్రం మీద పెట్టిస్తే తీసుకోలేదు. చీర చెంగుతో తుడిచి చూపుడు వేలు పెట్టారు, అదీ తీసుకోలేదు. కొబ్బరినూనె రాసి, మళ్లీ తుడిచి, ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటీ పెట్టించారు. ఈలోగా వీధి చివర కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. ఆమె ఒక చెవి అటు, ఒక చేయి ఇటు. చివరకు ముఖం ఫొటో తీసి ఇచ్చారు. అలాంటప్పుడు ముఖంతో గుర్తించే పద్ధతి ఉందని చాలామందికి తెలియదు. వేలిముద్ర పడలేదని ఎవరైనా రేపు రమ్మంటే, ముఖం తీయమని మీరే అడగండి.

అన్నట్టు, పొద్దున్నే పనికి వెళ్లిపోతే పింఛను పోతుందేమోనని మీరు భయపడ్డారు. పోదు. పంపిణీ పొద్దున్నే మొదలవుతుంది, మీరు ఇన్ని గంటలకు బయలుదేరతారని ముందు రోజే చెప్పి మీ ఇంటికి ముందు రమ్మని అడగండి. ఒక నెల తీసుకోలేకపోతే తర్వాతి నెల కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు తీసుకోకపోతేనే ఇబ్బంది.

ఇక పిల్లలు. డబ్బు లెక్క సగమే, మిగతా సగం ఇది. బడి నాలుగింటికి వదులుతారు. దుకాణం వాళ్లు మిమ్మల్ని రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉండమంటున్నారు. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. ఈ ఐదు గంటలు పాప దగ్గర ఎవరుంటారు? మీరు రాసిన ఉత్తరంలో "బాబు చూసుకుంటాడు" అని ఒక్క ముక్కతో వదిలేశారు. పన్నెండేళ్ల పిల్లవాడికి ఆ బరువు పెట్టకండి. మన డెల్టాలో ఇంటి వెనక పంట కాలువో, మురుగు కోడో, చేపల చెరువో లేని ఊరు లేదు. ఊరికి ఒక్కరైనా నీళ్లలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉంటుంది. అది జరిగేది ఎక్కువగా ఇలాంటి సాయంత్రం వేళల్లోనే, పెద్దవాళ్లు ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకున్నప్పుడు. వానాకాలం చీకటి పడితే పాముల భయం సరేసరి. ఇంకొక సంగతి, చెల్లెలికి జ్వరం వచ్చిన రోజల్లా బాబు బడి మానేస్తే 75 శాతం హాజరు తప్పుతుంది. అప్పుడు అతని పేరు మీద వచ్చే పదమూడు వేలూ ఆగుతాయి, చదువూ వెనకబడుతుంది.

మీ అమ్మగారు రెండు వీధుల అవతలే ఉంటారని రాశారు. సాయంత్రం నాలుగు నుంచి మీరు వచ్చేదాకా పిల్లలిద్దరూ అక్కడే ఉండేలా ఇప్పుడే మాట్లాడుకోండి. నెలకు ఏడు వందలో, వెయ్యో ఆమె చేతిలో పెట్టండి. తల్లికి డబ్బులివ్వడమేమిటని ఆమె వద్దంటారు, అయినా పెట్టండి. డబ్బు ముట్టని సాయం నాలుగు నెలలకు కుటుంబంలో మాటగా మారడం నేను చాలా ఇళ్లలో చూశాను.

దుకాణం యజమానితో గంటలు బేరమాడండి. ఎనిమిదిన్నర దాకా వద్దు, ఆరున్నరకు వదిలితే ఏడున్నర వేలకైనా చేస్తానని అడగండి. ఆ వెయ్యి రూపాయలతో మీరు రోజూ రెండు గంటలు మీ పిల్లలకు కొనిపెడుతున్నారు. పాలకొల్లు లాంటి ఊళ్లో చీరల బేరం పగటి పూట పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లతోనే ఎక్కువ సాగుతుంది కాబట్టి యజమానికి కూడా ఇది నష్టం కాదు. దానికి బదులు వాళ్లకు అసలు అవసరమైన రోజుల్లో మీరు నిలబడాలి: దసరా, పెళ్లిళ్ల కాలం, అన్నిటికీ మించి సంక్రాంతి ముందు మూడు వారాలు. ఆ రోజుల్లో రాత్రి పది దాకా దుకాణం వదలరు, పిల్లలకేమో అప్పుడే సెలవులు. మన వైపు ఏ తల్లికైనా ఆ పండుగ రోజుల్లో ఇంట్లో లేకపోవడం కష్టంగా ఉంటుంది. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజుల్లో మీకు ఏ రోజు సెలవో చేరే ముందే తేల్చుకోండి, చేరాక అడిగితే అలుసు అవుతుంది.

రాకపోకల ఖర్చు ఇప్పుడు పెద్దది కాదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ లాంటి గుర్తింపు చూపితే సున్నా టికెట్టు ఇస్తారు. మీ ఊరికి రాత్రి చివరి బస్సు ఎప్పుడో చూసుకుని దాన్ని బట్టి పని వేళలు మాట్లాడుకోండి. బస్సు తప్పిన రోజల్లా ఆటో ఎక్కితే నెల తిరిగేసరికి ఎంతవుతుందో మీకే తెలుస్తుంది.

లేసు గురించి అడిగారు, మానేయాలా అని. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ ఆ గుర్తింపు వల్ల వచ్చే విలువ ఇంకా అల్లే చేతి దాకా దిగలేదు. రోజంతా సూది వదలకుండా కూర్చున్నా పొలం కూలిలో సగం రావడం కష్టం. దాన్ని ఉద్యోగం స్థానంలో పెట్టుకోవద్దు. ఆదివారం మధ్యాహ్నాలకు ఉంచుకోండి, చేతిలో పని ఉండటం మంచిదే.

మీ తోడికోడలి మాట మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో మీ రాతలోనే తెలుస్తోంది. దాని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. భర్త పోయిన మనిషి ఇద్దరు పిల్లలను బడికి పంపి, వాళ్లకు వేళకు వండిపెట్టి, రోగమొస్తే రాత్రంతా కూర్చుని పెంచుతోంది. ఆ పనికి ఎవరూ జీతమివ్వరు. పింఛను ఆమె కూర్చుని తినే సొమ్ము కాదు, ఆ ఇల్లు కూలిపోకుండా మనమంతా కలిసి పట్టిన చేయి. మన కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చినవాళ్లకూ వండి వడ్డించారు. నువ్వు పనిచేస్తావా, ఎందుకు ఆకలితో వచ్చావు అని విచారణ చేయలేదు. ఈనాడు మీ పిల్లలు బడిలో తినే మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. ఆ భోజనం తినే పిల్లలను ఎవరూ తక్కువగా చూడరు, వాళ్ల తల్లిని మాత్రం ఎందుకు చూడాలి?

అయితే మీరు పనికి వెళ్లాలని నేను చెప్పడానికి కారణం పరువు కాదు. పథకం సొమ్ము మీ చేతిలో లేనిది కావడమే కారణం. 2014లో పింఛను 200 నుంచి 1,000 అయింది. 2019 జనవరిలో 2,000, అదే ఏడాది 2,250, ఆపైన ఒక్కో మెట్టు ఎక్కుతూ 2024 జనవరికి 3,000, జులైకి 4,000. పెరిగింది నిజమే, కానీ పెరిగిన ప్రతిసారీ అది ఎన్నికల లెక్కతోనో, కొత్త ప్రభుత్వం నిర్ణయంతోనో పెరిగింది. బియ్యం ధర పెరిగిందనో, పాప పై తరగతికి వచ్చిందనో పెరగలేదు. బడి సొమ్ము సంగతి ఇంకా స్పష్టం. తల్లికి వందనానికి ముందున్న అమ్మ ఒడి 2023 జూన్‌లో పడింది, తల్లికి వందనం 2025 జూన్‌లో పడింది. మధ్యలో 2024 జూన్ ఖాళీగా వెళ్లిపోయింది. ఆ ఏడు ఆ డబ్బు వస్తుందనే ధైర్యంతో ప్రైవేటు బడిలో చేర్చి, ఫీజుకు వడ్డీకి తెచ్చిన తల్లులు మా సంఘాల్లో ఉన్నారు. వాళ్లలో ఏదో ఒక జీతం ఉన్నవాళ్లు తట్టుకున్నారు. లేనివాళ్లు ముందు చెవి కమ్మలు, తర్వాత పుస్తెల గొలుసు తాకట్టు పెట్టారు.

పైగా ఈ సొమ్ముకు పిల్లల వయసుతో ముడి ఉంది. బాబు ఇంటరు దాటితే అతని పదమూడు వేలు ఆగుతాయి. మరో నాలుగేళ్లకు పాపది కూడా. అప్పటికి మీకు నలభై దాటుతుంది. ఆ వయసులో మొదటిసారి ఉద్యోగం వెతుక్కోవడం కంటే, ఇప్పుడు ముప్పై ఒకటిలో చిన్న జీతానికి మొదలుపెట్టడం ఎంతో మేలు.

పీఎఫ్ విషయంలో నేను పట్టుబట్టి చెబుతాను. దుకాణంలో ఇరవై మంది, ఆపైన పనిచేస్తుంటే పీఎఫ్, పది మంది, ఆపైన ఉంటే ఈఎస్‌ఐ చట్టప్రకారం ఇవ్వాలి. "పీఎఫ్ వద్దంటే ఆ వెయ్యి కూడా చేతికే ఇస్తాం" అంటారు, ఒప్పుకోకండి. మీ పిల్లలకు మీరు ఒక్కరే దిక్కు. ఉద్యోగంలో ఉండగా మీకేదైనా జరిగితే, పీఎఫ్‌లో ఉన్న బీమా కింద, ఏడాదిపాటు విడవకుండా పనిచేసి ఉంటే కనీసం రెండున్నర లక్షలు, ఎక్కువలో ఎక్కువ ఏడు లక్షలు వస్తాయి. అదిగాక ఇద్దరు పిల్లలకూ 25 ఏళ్లు వచ్చేదాకా నెలనెలా పింఛను వస్తుంది. వితంతు పింఛను మీతోనే ఆగిపోతుంది, ఇది మీ తర్వాత పిల్లలకు వెళుతుంది. నెలకు వెయ్యి రూపాయలకు ఇంత రక్షణ ఇచ్చే చీటీ పాట ఎక్కడా లేదు.

వైద్యం గురించిన భయం వదిలేయండి. ఆరోగ్యశ్రీకి, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవకు, ఆదాయ పరిమితి ఏడాదికి ఐదు లక్షలు. చిన్న ఉద్యోగం చేసినంత మాత్రాన ఆదాయం లెక్కలో అది పోదు. ఈఎస్‌ఐ కార్డు వచ్చాక ఏ వైద్యం దేని కింద చేయించుకోవాలో ఆసుపత్రిలో ఈ పథకం రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రను అడగండి. బాబు రేపు డిగ్రీకో, ఇంజినీరింగుకో వెళితే ఫీజు రీయింబర్స్‌మెంటుకు పరిమితి రెండున్నర లక్షలు, దానికీ మీరు చాలా దూరంలో ఉన్నారు.

చేరే ముందు ఒక పూట సచివాలయానికి వెళ్లండి. వెల్ఫేర్ అసిస్టెంటును అడిగి కుటుంబ వివరాల్లో మీరు, పిల్లలు ఇద్దరు మాత్రమే ఉన్నారో, మీ అన్నయ్య కుటుంబం కూడా కలిసి ఉందో చూడండి. కలిసి ఉంటే ఆయన ఆదాయం, ఆయన పొలం, ఆయన కారు మీ లెక్కలోకి వస్తాయి. కరెంటు మీటరు ఎవరి ఆధార్‌తో కలిసి ఉందో కూడా చూడండి. మీరుంటున్నది అన్నయ్య ఇంటి పక్క వాటా, మీటరు ఒక్కటే అని రాశారు కదా. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే అనర్హత వస్తుంది. ఆ ఇంట్లో ఏసీ పెట్టించారంటే వేసవిలో ఆ అంకె ఎంత సులువుగా దాటుతుందో ఆలోచించండి. మీ పింఛనుకు ఉద్యోగం కంటే ఆ ఏసీ వల్లే ఎక్కువ ప్రమాదం ఉంది. మీ వాటాకు వేరే మీటరు పెట్టించుకునే ఖర్చును మొదటి జీతంలోంచి తీయండి.

మీ పిన్నిగారు కువైట్ రమ్మంటున్నారని చివర్లో రాశారు. అక్కడ సంపాదించి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు మన రెండు గోదావరి జిల్లాల్లో ఊరూరా ఉన్నారు, కాదనను. కానీ ఎనిమిదేళ్ల పాపను వదిలి ఇంటిపనికి దేశం దాటడం మీ లెక్కలో చిట్టచివరి మార్గంగా ఉండాలి. ఎప్పుడైనా తప్పనిసరై వెళ్లాల్సి వస్తే, ప్రభుత్వం అనుమతించిన సంస్థ ద్వారా, పని వీసా మీద మాత్రమే. విజిట్ వీసా మీద రమ్మనే మనిషి మీ పిన్నే అయినా సరే, వెళ్లవద్దు.

దుకాణంలో మొదటి నెల జీతం చేతికి అందగానే పీఎఫ్ ఖాతా సంఖ్య అడిగి రాసుకోండి, ఫోనులో నామినీగా పిల్లలిద్దరి పేర్లు చేర్చండి, వాళ్లు మైనర్లు కాబట్టి సంరక్షకురాలిగా మీ అమ్మగారి పేరు ఇవ్వండి. ఈ ఏడు తల్లికి వందనం పడ్డాక అందులోంచి కొంత తీసి పాప పేరు మీద పోస్టాఫీసులో ఆడపిల్లల పొదుపు పథకమైన సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. పదేళ్లు నిండకముందే తెరవాలి, మీకు రెండేళ్ల గడువుంది. యజమాని గంటలు తగ్గించడానికి ఒప్పుకోకపోతే ఏం చేయాలో మళ్లీ మాట్లాడుకుందాం. పాలకొల్లులో చీరల దుకాణం అదొక్కటే కాదు.